తడబడిన కాలు

“ఇది మీ అమ్మాయి గొంతేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్,” అన్నాడు సెక్యూరిటీ చీఫ్.

ప్రిన్సిపాల్ బల్ల మీద ఫోనులో వాయిస్ మెసేజ్ అప్పుడే మోగి ఆగింది. అందులో ఒక ఆడపిల్ల గొంతు బెరుకన్నది లేకుండా నాలుగు మాటలు అంది. “స్టేజీ మాది. అనుమతి ఎవరికి కావాలి? అడ్డొస్తే, మాస్టారైనా సరే, పడగొడతాం. కాచుకోండి.”

“గొంతు మా పిడుగుదే,” అంది డిటెక్టివ్. “ఆ మాటలు అన్నది అదేనా కాదా అన్నది చూడాలి.”

“గొంతు ఆ అమ్మాయిది, అన్నది ఇంకొకళ్ళు. బాగుంది. మీ ఆఫీసులో అన్నేళ్ళు పనిచేశాను, ఈ పాఠం మాత్రం నాకు చెప్పలేదు మీరు.”

“చెప్పినవి చాలా ఉన్నాయి. నువ్వు వెళ్తూ పట్టుకెళ్ళినవి కొన్నే.”

చీఫ్ ముఖం మాడ్చుకున్నాడు. ఒకప్పుడు ఆవిడ వెనక కాళ్ళరిగేలా తిరిగి పని నేర్చుకున్నవాడే. ఒక రోజు చెప్పాపెట్టకుండా ఈ కాలేజీ ఉద్యోగంలో చేరిపోయాడు. అప్పటినుంచి ఇద్దరూ ఎదురుపడితే గదిలో ఉన్న మూడో మనిషికి ఇబ్బంది. ఇవాళ ఆ మూడో మనిషి ప్రిన్సిపాల్.

“మీ పాత గొడవలు బయట చూసుకోండి,” అన్నాడాయన విసుగ్గా. “నిన్న మధ్యాహ్నం సౌండ్ చెక్ జరుగుతుండగా ఎడమవైపు స్పీకర్లు స్టేజీ మీద దొర్లి మా డ్రమ్స్ మాస్టారి మీద పడ్డాయి. భుజం దగ్గర ఎముక విరిగింది. అదే తల మీద పడి ఉంటే ఈపాటికి మనం వేరే మాటలు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం. ఈ మెసేజ్ అంతకు ముందే ఏదో కొత్త నంబరు నుంచి నాకు వచ్చింది. మీటింగులో ఉండి వినలేదు. ఇవాళ పొద్దున విన్నాను, నేనేం అనుకోవాలి?”

“మాస్టారికీ ఆ అమ్మాయి పెట్టిన ఈ హిప్‌హాప్ ఫెస్ట్‌కీ మొదటినుంచీ పడదని కాలేజీ అంతటికీ తెలుసు సార్,” చీఫ్ అందుకున్నాడు. “బెదిరింపు వచ్చింది, బెదిరించినట్టే జరిగింది. ఇక వెతకడానికేముంది? మేడమ్‌కి సొంత చెల్లెలి కూతురు కాబట్టి రెక్కలు కట్టుకుని వాలారు.”

“అవును, సొంత చెల్లెలి కూతురే,” అంది డిటెక్టివ్. “చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. గొప్పగానే ఉంది.”

ప్రిన్సిపాల్ గోడ గడియారం వైపు చూశాడు. “ఫెస్ట్ ఆరింటికి. ఐదింటికల్లా నేను ఏదో ఒకటి తేల్చాలి. ఆ అమ్మాయి చెయ్యలేదని అప్పటికి మీరు నాకు చూపించలేకపోతే ఫెస్ట్ రద్దు. అమ్మాయి సంగతి పోలీసులు చూసుకుంటారు. నాకు వేరే దారి లేదు.”

అప్పటికే మూడున్నర దాటింది.

పిడుగును పక్క గదిలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారన్న మాటే గాని కుర్చీ ఖాళీగా ఉంది. అది గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఫోను చీఫ్ లాక్కున్నాడట. కళ్ళలో నీళ్ళు లేవు. చిన్నప్పుడు ఎవరో తోసి మోకాలు చెక్కుకుపోయినా ఇంతే. గాయం చూపించేది గాని తోసినవాళ్ళ పేరు ఎంత అడిగినా చెప్పేది కాదు.

“ఏమైనా తిన్నావా?”

“ఆకలి లేదు పెద్దమ్మా. అమ్మకి చెప్పేశావా?”

“చెబితే ముందు నిన్ను తిడుతుంది, తర్వాత ప్రిన్సిపాల్‌ని తిడుతుంది, ఆఖరికి నన్ను తిడుతుంది. అంత టైము లేదు. ఆ మాటలు నీవేనా?”

“మాటలన్నీ నావే. కలిపింది నేను కాదు.”

“విడమరిచి చెప్పు.”

“‘స్టేజీ మాది’ అన్నది మా మొదటి ఏడాది పాటలో మొదటి ముక్క. ‘అడ్డొస్తే’, ‘పడగొడతాం’, ‘కాచుకోండి’ అని ప్రతి పోటీలోనూ అంటాం, ఎదుటి టీమ్‌ని పాటలో పడగొడతామని. ‘అనుమతి ఎవరికి కావాలి’ అని నిజంగానే అడిగాను పెద్దమ్మా, సాయంత్రం లోపల ఉండటానికి ఎవరెవరికి అనుమతి పాసులు కావాలని.”

డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. “మరి ‘మాస్టారైనా సరే’?”

“మా ఫెస్ట్‌కి ఎవరైనా రావచ్చు, మాస్టారైనా సరే, వస్తే ముందు వరసలో కూర్చోబెడతాను అన్నాను. ఆయన దగ్గరే కదా నేను తాళం నేర్చుకున్నది. ఫెస్ట్ మొదలయ్యాక ఆయన క్లాసులో పిల్లలు తగ్గిపోయారు. అప్పటినుంచి నాతో మాట్లాడరు.”

“ఇవన్నీ ఎక్కడ రికార్డయ్యాయి?”

“మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీసు గదిలో. అక్కడ మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఏ పాట ఎప్పుడు పుడుతుందో తెలీదని మేం ఆపం.”

“ఇలా కోసి అతికించే పనితనం ఎవరికుంది?”

అది తల తిప్పుకుంది. “మాలో అయితే డబ్బాకే. వాడు చెయ్యడు.”

డబ్బా అంటే పిడుగుతో కలిసి ఈ ఫెస్ట్ మొదలుపెట్టినవాడు. బిస్కెట్ డబ్బాల మీద దరువేసి బీట్ నేర్చుకున్నాడు కనక ఆ పేరు. ఇద్దరూ మొదటి ఏడాదిలో ఉండగా సైకిల్ స్టాండులో ఒక పాత స్పీకరు పెట్టి హిప్‌హాప్ ఫెస్ట్ అన్నారు. ఆ రోజు వచ్చిన జనం కంటే అక్కడున్న సైకిళ్ళే ఎక్కువ. డిటెక్టివ్ కూడా వెళ్ళింది, చెవుల్లో దూది పెట్టుకుని. ఇప్పుడు ఎక్కడెక్కడి కాలేజీల నుంచో టీములు వస్తున్నాయి. ఒక్క పద్ధతి మాత్రం మారలేదు. బయటి కంపెనీ ఏదీ గేటు దాటి లోపలికి రాదు. స్టేజీ అలంకరణ, వైర్లు, లైట్లు, బోర్డులు, పాటలు అన్నీ పిల్లల చేతి పనే. ఆ సంగతి తలుచుకుంటే పెద్దమ్మకి ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. దూది మాత్రం పెట్టుకుంటుంది.

ఆరుబయట స్టేజీ ప్రిన్సిపాల్ ఆఫీసు కిటికీ కిందే ఉంది. చీఫ్ దాని చుట్టూ తాడు కట్టించాడు. డిటెక్టివ్ తాడు కిందనుంచి దూరి పైకెక్కింది. వెనకాలే చీఫ్, అతని వెనక డబ్బా వచ్చారు. డబ్బా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో కొట్టడానికి మెత్తటి గళ్ళున్న చిన్న బీట్ మెషీన్ ఉంది. కబురు పెడితే పరుగెత్తుకుని వచ్చాడు గాని దాన్ని మాత్రం వదల్లేదు.

ఆవిడ చేతిసంచిలోంచి గుండ్రటి పెన్సిలు తీసి నేల మీద పెట్టింది. అది నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్ళి స్టేజీ అంచు మీంచి కింద పడింది.

“వాలు,” అంది.

“వెనక వరసలో ఆడేవాళ్ళు కూడా కనపడాలని కట్టేటప్పుడే అలా కట్టారు పెద్దమ్మా,” అన్నాడు డబ్బా. వచ్చినప్పటినుంచి కాలేజీలో పిల్లలందరూ ఆవిడని అలాగే పిలుస్తున్నారు. “అందుకే స్పీకర్లు పెట్టిన చక్రాల బల్లలకి ముందువైపు రెండేసి అడ్డుచెక్కలు పెట్టాం. పసుపు రంగు వేసింది నేనే.”

ఎడమవైపు బల్ల పక్కకి ఒరిగి ఉంది. డిటెక్టివ్ మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కిందికి వంగింది. ఒక అడ్డుచెక్క అక్కడే ఉంది. దాని మీద చక్రం ఒరుసుకుపోయిన గీత, చక్రానికి అంటిన పసుపు రంగు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండో చెక్క ఉండాల్సిన చోట దుమ్ములో చెక్కంత మేర శుభ్రంగా ఉంది. ఆ వైపు చక్రానికి రంగు మచ్చ అన్నదే లేదు.

“ఇది జారలేదు,” అంది ఆవిడ లేస్తూ. “జారి ఉంటే చక్రానికి రంగు అంటేది. బల్ల కదలకముందే ఎవరో చేత్తో తీశారు. ఒక్క చెక్క ఎంతసేపు ఆపుతుంది? స్పీకర్ల బేస్ మోతకి అదిరి బల్ల పక్కకి తిరిగి దొర్లింది.”

చీఫ్ ముఖం వికసించింది. “నేను పొద్దుటినుంచి మొత్తుకుంటున్నది అదేగా మేడమ్? ఎవరో తీశారు. ఎక్కడ ఏ చెక్క ఉందో తెలిసినవాళ్ళే తీశారు. నాకు సగం పని తగ్గించారు.”

పిడుగు మెడకి ఉరి తానే బిగించినట్టయింది. ఆవిడ ఆ సంగతి ముఖంలో కనపడనివ్వలేదు. “తీసిన చెక్క ఏది?”

“అమ్మాయి బ్యాగు, లాకరు, హాస్టల్ గది, అన్నీ చూశాను. దొరకలేదు. ఎక్కడో పారేసి ఉంటుంది.”

“కుడివైపు సంగతేంటి?” స్టేజీ అవతలి చివర కుడివైపు స్పీకర్లు మనిషి కంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి. బల్ల చుట్టూ నేలదాకా నల్లగుడ్డ కట్టి ఉంది.

“అది నిన్నే చూశాను. గుడ్డ ఎత్తి మరీ చూశాను. చెక్క చక్రం కిందే ఉంది. సార్‌కి రిపోర్టు కూడా ఇచ్చాను.”

“నేనొకసారి చూస్తాను.”

“అక్కర్లేదు.” అతను అడ్డంగా నిలబడ్డాడు. “ఇక్కడ చూడాల్సింది చూసే ఉద్యోగం నాది. మీ వెనక సంచి మోసే కుర్రాణ్ణి కాను ఇప్పుడు. నేను చూశానన్నాక మళ్ళీ చూడటమంటే అది నన్ను అవమానించడమే.”

ఆ మాట ఆవిడకి ఎక్కడో తగిలింది. మోసిన సంచి గుర్తుంది గాని, ఎండలో తిరిగి వచ్చిన రోజున తన కంచంలోది తీసి పెట్టిన అన్నం గుర్తులేదు వీడికి. రోషం ముంచుకొచ్చింది. “సరే నాయనా, నీ ఉద్యోగం నువ్వు చేసుకో,” అని అటు తిరిగిపోయింది. గడియారం కూడా ఆగేట్టు లేదు.

“నువ్వు చెప్పు,” అంది డబ్బాతో. “నిన్న పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?”

“సరిగ్గా ఇక్కడే. సౌండ్ చెక్ మొదలుపెట్టేటప్పుడు స్టేజీ మీద ఎవరూ ఉండరు, అందరం అదిగో, అక్కడ వెనక మిక్సర్ దగ్గరుంటాం. ముందు ఎడమవైపు వాయించి చూస్తాం, తర్వాత కుడి. నిన్న ఎడమవైపు వాయిస్తుంటే ఒక వైరుకి టేపు ఊడినట్టు కనపడింది. అంటిద్దామని ఎక్కాను. స్పీకర్లకి వీపు పెట్టి వంగున్నాను. మాస్టారు మెట్ల వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులతో నన్ను తోసేశారు. కొట్టడానికొచ్చారనుకున్నా. నేను అటు పడ్డాను, స్పీకర్లు ఆయన మీద పడ్డాయి.”

“మాస్టారు పరుగెత్తడం ఎప్పుడైనా చూశావా?”

“ఆయనా? వర్షం పడుతున్నా నడిచే వస్తారు.”

డిటెక్టివ్ ఫోను తీసి, ప్రిన్సిపాల్ దగ్గర తను ఎక్కించుకున్న ఆ మెసేజ్ మోగించింది. అది విన్నంతసేపూ ఆవిడ కుర్రాడి ముఖం చూడలేదు. ముఖాలు అబద్ధం చెబుతాయని ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది. కాళ్ళకి అంత తెలివి ఉండదు.

డబ్బా కుడికాలు కదిలింది. బొటనవేలు నేల మీద తడుతోంది. మామూలుగా మాట్లాడే మాటలకి ఎవరి కాలూ ఆడదు. నాలుగు సార్లు సాఫీగా తట్టాక ఆ కాలు తడబడింది. ఆగి మళ్ళీ అందుకుంది. మళ్ళీ తడబడింది. ఆవిడ ఇంకోసారి మోగించింది. అదే చోట, అదే తడబాటు.

“ఈ మాటలు కోసినవాడు బీట్ మీద కోశాడు,” అంది చీఫ్‌కి వినపడేలా. “మనలాంటివాళ్ళు అతికిస్తే ఎక్కడపడితే అక్కడ అతికిస్తాం. బీట్‌తో బతికేవాడు అలా అతికించలేడు, చెయ్యి రాదు. ప్రతి మాటా తాళం మీదే పడాలి వాడికి. బాబూ, ఈ కోత నీదేనా?”

కుర్రాడి ముఖం ఎర్రబడింది. భయంతో కాదు, ఉక్రోషంతో. “నా కోతా? పెద్దమ్మా, నా బీట్‌కి నా కాలే తడబడుతుందా? ఇది నాలుగు లెక్క కాదు. వినండి.” మెషీన్ మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. “మేమందరం నాలుగులో కోస్తాం. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్ళీ ఒకటి. ఇది మూడూ రెండూ రెండూ. ఏడు. మాలో ఏడులో కోసేవాడు ఒక్కడూ లేడు. నాకొస్తే ఈ మూడేళ్ళూ వాయించకుండా ఊరుకునేవాణ్ణా?”

“మీలో లేరా?”

“లేరు.” వేళ్ళు మాత్రం మెషీన్ మీద ఆగలేదు. మూడూ రెండూ రెండూ, మూడూ రెండూ రెండూ. కోపం పోయి మెల్లగా ముఖంలో వెలుగొచ్చింది. “ఎవడు చేశాడో గాని లెక్క అదిరింది. ఫెస్ట్ జరిగితే మొదటి బీట్ దీని మీదే వేస్తాను.”

డిటెక్టివ్ స్టేజీ దిగుతూనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. డ్రమ్స్ మాస్టారు లేచి కూర్చోగలరా, ఒక్క అరగంట కారులో తీసుకొస్తే ప్రమాదమేమైనా ఉందా అని డాక్టర్ని అడిగింది.

ఐదుకి కొంచెం ముందు మాస్టారు వచ్చారు. ఎడమ చెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది. కుడి భుజాన ఎప్పుడూ ఉండే గుడ్డసంచి అలాగే ఉంది. ఎవరి సాయమూ తీసుకోకుండా వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన గదిలోకి రాగానే పిడుగు చటుక్కున లేచి నిలబడింది. ఆయన దాని వైపు చూడలేదు.

ప్రిన్సిపాల్, చీఫ్, డబ్బా, పిడుగు, మాస్టారు. గదిలో గాలి తక్కువైనట్టుంది.

“శ్రమ ఇచ్చాను, ఏమనుకోకండి మాస్టారూ,” అంది డిటెక్టివ్. “నిన్న ఈ అబ్బాయిని ఎందుకు తోశారు?”

“స్పీకర్లు కదిలాయి. వీడు కింద ఉన్నాడు.”

ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోయాడు. “అంటే మీరు వీణ్ణి కాపాడారా? గొడవకి వచ్చారని నాకు చెప్పారే.”

“పక్కనే ఉన్న కుర్రాడికే తెలియలేదు,” అంది ఆవిడ. “మెట్ల దగ్గరున్న మీకు ఎలా తెలిసింది?”

“చూశాను.”

“సరే. ఆ తర్వాత ఇక్కడ ఏం జరిగిందో మీకు ఎవరైనా చెప్పారా?”

“మందులు మింగి పడుకున్నాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు.”

“అయితే ఇది మొదటిసారి వింటారు మీరు.” ఆవిడ బల్ల మీది ఫోను నొక్కింది.

స్టేజీ మాది, అంది పిడుగు గొంతు. కుర్చీ చేతి మీద మాస్టారి కుడిచేతి వేళ్ళు లేచాయి. ఆయన చూపు ఎదురుగోడ మీద ఉంది. వేళ్ళు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి. మూడు, రెండు, రెండు. అనుమతి దగ్గర తడబడలేదు, అడ్డొస్తే దగ్గర తడబడలేదు. కాచుకోండి అని గొంతు ఆగిపోయాక కూడా అవి ఆగలేదు. ముగింపుకి పడాల్సిన ఆఖరి దెబ్బ ఒకటి మెత్తగా వేసి, అప్పుడు ఆగాయి.

గదిలో ఆ దెబ్బ అందరికీ వినపడింది. అర్థమైంది మాత్రం ముగ్గురికే. డబ్బా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పిడుగు గోడని పట్టుకుంది.

“ఈ అబ్బాయి పుట్టిందే బీట్ కోసమన్నట్టు ఉంటాడు,” అంది డిటెక్టివ్ నెమ్మదిగా. “రెండుసార్లు వినిపించినా వీడి కాలు తడబడింది. మీ వేళ్ళు మొదటి మాటకే అందుకున్నాయి, మాటలు అయిపోయాక ముగింపు కూడా వేశాయి. ఇది మీకు కొత్త కాదు మాస్టారూ.”

“పెద్దమ్మా, చాలు,” అంది పిడుగు. “ఆయన్ని ఇంకేమీ అడగొద్దు.”

“అడక్కపోతే నిన్ను తీసుకెళ్తారు.”

“తీసుకెళ్ళనీ. నాకు తాళం చెప్పిన మనిషి. ఈయన పేరు నా వల్ల బయటికి రాకూడదు.”

మాస్టారు మొదటిసారి దాని వైపు తిరిగారు. ఆ ముఖం చూడలేక డిటెక్టివ్ కళ్ళు దించుకుంది.

“తీసుకెళ్ళడమేంటి? ఎవరిని?” అన్నారాయన. ప్రిన్సిపాల్ రెండు మాటల్లో చెప్పాడు, పోలీసులనీ, బెదిరింపనీ, ఐదింటి గడువనీ. వింటుంటే మాస్టారి భుజాలు కుంగిపోయాయి.

“కోసింది నేనే,” అన్నారు. “మా క్లాసు రికార్డింగు మెషీన్ మీద కోశాను. పిల్ల పొగరుగా మాట్లాడిందని మీకు కోపం వస్తుంది, ఈ ఏడాదికి అనుమతి పోతుంది, అంతే అనుకున్నాను. మీరు వినలేదు. సౌండ్ చెక్ వేళ దగ్గరపడింది. ఖాళీ స్టేజీ మీంచి స్పీకర్లు దొర్లిపడితే భద్రత లేదని మీరే ఆపేస్తారని అడ్డుచెక్క తీశాను. ఆ వేళకి స్టేజీ మీద ఎవరూ ఉండరని నాకు తెలుసు. వీడు ఎక్కుతాడని అనుకోలేదు.”

“ఎందుకు మాస్టారూ?” అన్నాడు డబ్బా.

“నా క్లాసులో కూర్చోవడానికి చోటు చాలేది కాదు ఒకప్పుడు. ఈ అమ్మాయి వెళ్ళింది, వెనకాలే అందరూ వెళ్ళారు. ఏడు లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. నాతోనే పోతుందనుకున్నాను. అది భరించలేకపోయాను, అంతే.”

నేర్పినవాళ్ళు వదిలిపోతే ఎలా ఉంటుందో డిటెక్టివ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. చీఫ్ వైపు చూసింది. అతను బూట్లు చూసుకుంటున్నాడు.

ప్రిన్సిపాల్ చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. “మాస్టారి సంగతి నేను తర్వాత చూస్తాను. ఫెస్ట్ జరుగుతుంది,” అన్నాడు చివరికి. ఆ మాట పూర్తయ్యేలోపు డబ్బా గదిలో లేడు. మెట్ల మీద వాడి అడుగులు, కింద ఎవరెవరివో కేకలు, ఈలలు వినపడ్డాయి. తాడు తెగిందని ఎవరో అరిచారు.

పిడుగు వెళ్ళలేదు. మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “‘మాస్టారైనా సరే’ అన్న ముక్క ఎక్కడిదో మీకు తెలుసా?”

“తెలుసమ్మా. నన్ను పిలిచిన మాట. పూర్తిగా విన్నాకే కోశాను.”

“ముందు వరసలో మీ కుర్చీ అలాగే ఉంది. ఏటా వేస్తాను.”

ఆయన ఏదో అనబోయారు. అంతలో కిటికీ కింద స్టేజీ మీంచి బీట్ మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత ఛాతీలో తగిలేలా బేస్. మూడూ రెండూ రెండూ. మూడూ రెండూ రెండూ. కింద పిల్లలు మొదట తికమకపడ్డట్టున్నారు, తర్వాత చప్పట్లతో అందుకున్నారు. వందమంది చేతులు ఏడు లెక్కలో పడుతున్నాయి.

మాస్టారి కళ్ళు నిండిపోయాయి. ఆయన వేళ్ళు కుర్చీ మీద వాళ్ళతో కలిశాయి. “నా ఏడు,” అన్నారు, ఎవరితోనూ కాదు. “ఇంతమంది చేతుల్లో ఎప్పుడూ వినలేదు.” డిటెక్టివ్ ఛాతీ కూడా ఉబ్బింది. ఈ ఒక్కసారికి చెవుల్లో దూది లేనందుకు ఆవిడ సంతోషించింది.

మాస్టారి వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి.

“ఏ స్పీకర్లు మోగుతున్నాయి?”

“కుడివైపువే,” అన్నాడు ప్రిన్సిపాల్. “ఎడమవి పడిపోయాయిగా. అందుకే వాటినే గట్టిగా పెట్టి ఉంటారు.”

ఆయన ఒంటిచేత్తో సంచి తెరిచారు. తీసిన వస్తువు బల్ల మీద పెట్టారు. పసుపు రంగు అడ్డుచెక్క. మళ్ళీ చెయ్యి లోపలికి వెళ్ళింది. పక్కనే రెండోది పెట్టారు.

“రెండువైపులా ఒక్కొక్కటి తీశాను,” అన్నారు. “నిన్న కుడివైపు మోగించనే లేదు. స్టేజీ మూసేశారనుకున్నాను.”

డిటెక్టివ్ చీఫ్ వైపు తిరిగింది. “గుడ్డ ఎన్ని వైపుల ఎత్తి చూశావు?”

ఒక్క చెక్క చూసి గుడ్డ దించేశాడని అతని ముఖమే చెప్పింది. అడ్డంగా నిలబడ్డవాడిది సగం తప్పయితే, రోషపడి వెనక్కి తిరిగిన తనది మిగతా సగమని ఆవిడకి తెలుసు.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద కుడివైపు స్పీకర్ల ముందు పిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. మిక్సర్ దగ్గర డబ్బా కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. ఆవిడ గొంతు చించుకుని అరిచింది. ఆ హోరులో ఎవరూ తలెత్తలేదు. బల్ల చుట్టూ కట్టిన నల్లగుడ్డ ప్రతి దెబ్బకీ కొంచెం ముందుకి జరుగుతోంది.

ఆవిడ వెనక్కి తిరిగి పిడుగును పిలవబోయింది. మాస్టారి ముందు నేల ఖాళీగా ఉంది. ప్రిన్సిపాల్ బల్ల మీద అడ్డుచెక్కలు రెండూ లేవు. తలుపు ఇంకా ఊగుతోంది.